రంగూన్ బాటలో నడిచిన జనం

ఆ రోజు నేను చేసింది పొరపాటని చాలాకాలం నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. పొరపాటు కాదు, అబద్ధం. అదీ తెలిసి ఆడిన అబద్ధం. మొన్న మా కోడలు టీవీలో ఛానళ్లు మారుస్తుంటే, జపాను సైన్యం బర్మా మీద పడిన కథతో తీసిన ఆ పాత ఇంగ్లీషు సినిమా ఒక్క క్షణం కనిపించి మాయమైంది. తెరమీద రంగూన్ రేవు తగలబడుతోంది. కాఫీ గ్లాసు చేతిలోనే ఉండిపోయింది. నేను మాత్రం రాజమండ్రి సినిమాహాల్లో, మా మేనత్త పక్కన కూర్చుని ఉన్నాను.

నా ఈడువాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు, మన జిల్లాల్లో ఒకప్పుడు రంగూన్ వెళ్లినవాళ్లు లేని ఊరు అరుదు. కాకినాడలో స్టీమరెక్కితే అక్కడి బియ్యం మిల్లుల్లోనో రేవులోనో ఏదో ఒక పని దొరికేది. మా మేనత్త భర్త కూడా అలాగే వెళ్లి, మిల్లులో గుమాస్తాగా కుదురుకున్నాక అత్తయ్యను తీసుకెళ్లాడట. వాళ్లకు ఒక కొడుకు. బాంబులు పడ్డాక ఓడ టిక్కెట్టు దొరికినవాళ్లు ఓడలో వచ్చేశారు, దొరకనివాళ్లు కొండలు దాటి నడిచారు. మావయ్య దారిలోనే కలరాతో పోయాడు. పిల్లాడి కాళ్లు పగిలి నెత్తురు కారుతుంటే, ఎవరో తెలుగువాళ్లు జాలిపడి, ముందు మజిలీలో అప్పజెబుతామని తమ బండిమీద ఎక్కించుకున్నారు. అత్తయ్య ఆ మజిలీ చేరేసరికి అక్కడ బండీ లేదు, మనుషులూ లేరు. వెనకనుంచి జనం తోసుకొస్తుంటే ఎన్నాళ్లని ఆగగలదు? కలకత్తా మీదుగా ఒంటరిగా మా ఇల్లు చేరింది. నేను అప్పటికింకా పుట్టలేదు. నన్ను పెంచింది ఆవిడే. తన కొడుకు పోయాడని మాత్రం ఎవరు చెప్పినా ఒప్పుకునేది కాదు.

నాకు కాలేజీ రోజుల్లో ఇంగ్లీషు సినిమాల పిచ్చి ఉండేది. ఆదివారం మార్నింగ్ షోకి రంగూన్ సినిమా వచ్చిందని ఇంట్లో చెబితే, ఎన్నడూ సినిమా పేరెత్తని అత్తయ్య తనూ వస్తానంది. యుద్ధాన్ని కళ్లారా చూసిన మనిషి మా ఇంట్లో ఉందని స్నేహితుల దగ్గర గొప్పలు పోవచ్చని నాకు సంబరమేసింది. మధ్యలో కొంత భాగం ఆ రోజుల్లో నిజంగా తీసిన ఫిల్మని మొదట్లోనే తెరమీద వేశారు. అది చదివి స్నేహితులకు తెలుగులో చెప్పింది కూడా నేనే.

సగం అయ్యేసరికి ఉన్నట్టుండి రంగులు పోయి, నలుపు తెలుపుల్లో జనం కనిపించారు. నెత్తిన మూటలు, చంకన పిల్లలు, దుమ్ములో ఎడ్లబళ్లు. ఫైటింగు వెయ్యండని హాలంతా ఈలలు. అత్తయ్య లేచి నిలబడింది.

"ఒరే, ఆపమనరా. ఒక్కసారి ఆపమను. బళ్లు వస్తన్నాయి."

"మామ్మగారూ, కూర్చోండి, తుపాకీ గుళ్లు తగుల్తాయి!" అని వెనకనుంచి ఎవడో అరిచాడు. అందరూ నవ్వారు. నా స్నేహితులూ నవ్వారు. సిగ్గుతో నా చెవులు మండిపోయాయి. చెయ్యిపట్టి ఆవిడను కిందికి లాగాను.

"కూర్చో అత్తయ్యా, అదంతా ఉత్తుత్తిదే. డబ్బులిచ్చి నడిపించిన మనుషులు."

"నిజం కాదంటావా?"

"కాదు."

కూర్చుంది. ఆట అయిపోయేదాకా మళ్లీ తల ఎత్తలేదు. ఆ రాత్రి మా అమ్మతో, "ఆ వేషాలేసినోళ్లకి కూడా కాళ్లు పీకే ఉంటాయి పాపం," అనడం విన్నాను. ఆ మాట తరువాత నాకు అన్నం సయించలేదు. నిజం చెప్పడానికి మాత్రం వారం పట్టింది. చెబితే తిట్టలేదు, ఏడవలేదు. ఇంకా ఆడుతోందా అని మాత్రం అడిగింది.

సినిమా అప్పటికే తణుకు వెళ్లిపోయింది. ఇద్దరం రైలెక్కి వెళ్లాం. మొహాలు బాగా తెలుస్తాయని తెర దగ్గరి బెంచీ మీద కూర్చుంది. రేవు తగలబడింది, ఆ వెంటనే తుపాకులు పేలాయి. రంగులు పోనే లేదు. నేను మేడమీది ఆపరేటరు గదికి పరిగెత్తాను.

"జనం గోల పెడతన్నారండి. ఆ నడిచేవోళ్ల ముక్క తీసేశామండి. పై ఆటకి టైము కూడా సరిపోవాలి కదండీ," అన్నాడు ఆపరేటరు. ఫిల్ము పెట్టె తిరిగి పంపేటప్పుడు అది మళ్లీ అతికించాలట, ఇవ్వడానికి వీల్లేదన్నాడు. నేను కదలకుండా నిలబడి సంగతంతా చెప్పుకున్నాక, అతుకు దగ్గర పాడైన బారెడు ముక్క తీసి చేతిలో పెట్టాడు.

ఇంటికొచ్చి కిటికీ వెలుగులో పెట్టి చూస్తే, మనుషులు ఆవగింజల్లా ఉన్నారు. అత్తయ్య కళ్లకు ఆనలేదు. నువ్వు చూసి చెప్పరా అంది. భూతద్దం పట్టుకుని, బొమ్మ తరువాత బొమ్మ చెప్పుకుంటూ వచ్చాను. ఒక ముసలాయన, కర్ర. ఒక ఆడమనిషి, వెదురుబుట్ట. అంత ముక్కలోనూ వాళ్లు వేసింది నాలుగడుగులే. చివరికొచ్చేసరికి పక్కనుంచి ఒక బండి.

"బండిమీద పిల్లాడున్నాడా?"

ఉన్నాడనడం ఎంత తేలికో. "తెలీదు అత్తయ్యా. బండి సగమే వచ్చింది. ఎడ్లు, తోలేవాడు కనిపిస్తన్నారు. వెనకభాగం ఈ ముక్కలో లేదు."

"సరే. ఇంకోసారి మొదట్నించి చెప్పు," అంది.

ఆ ఎండాకాలమంతా చెబుతూనే ఉన్నాను. ఇప్పుడు యుద్ధాలు రోజూ ఫోన్లోకే వస్తున్నాయి. మూటలెత్తుకుని నడిచే జనం అలాగే ఉన్నారు, బొటనవేలితో పక్కకు తోసేస్తున్నాం. లేచి నిలబడి ఆపమనే మనిషి మా ఇంట్లో లేదు. అత్తయ్య పోయాక వచ్చిన పుష్కరాల్లో, గోదావరి గట్టున ఆవిడకూ మావయ్యకూ పిండాలు పెట్టాను. ఆ ఇంట పోయినవాళ్లు ఇంకెవరైనా ఉన్నారా అని పురోహితుడుగారు అడిగారు.

లేరండీ అన్నాను.