బకెట్ దరువు

క్లబ్బులో ఆయన్ని అందరూ బకెట్ బాబాయ్ అంటారు. ఫుట్‌బాల్ జట్టు బట్టలు ఉతికేది ఆయనే. ఇరవయ్యారేళ్లలో ఎందరో కోచ్‌లు మారారు, కుర్రాళ్లకైతే లెక్కే లేదు. బాబాయ్ మాత్రం గ్యాలరీ మెట్ల కింద ఉన్న ఆ కిటికీ లేని గదిని అంటిపెట్టుకుని ఉండిపోయాడు. గదిలో రెండు యంత్రాలు. వాటిలో ఒకటి ఎప్పుడూ అలకమీదే ఉంటుంది.

ఆ పనికి ఓ పద్ధతుంది. జెర్సీలు తిరగేసి ఉతకాలి, లేకపోతే వీపుమీది నంబర్లు పొట్టు లేచిపోతాయి. గడ్డి మరకకి ముందు చన్నీళ్లే. బూట్ల అడుగున ఇరుక్కున్న మట్టి పాత పళ్లబ్రష్షుకి తప్ప దేనికీ లొంగదు. గోల్‌కీపర్ కుడికాలి సాక్సే ముందు తొడుక్కుంటాడు కాబట్టి అది పైన పెట్టాలి, లేదంటే ఆరోజు ఓడిన పాపం బాబాయ్ నెత్తినే. చిరిగిన జెర్సీలు మూటకట్టి ఇంటికి తీసుకెళ్తాడు. వదిన కుడుతుంది.

వదినని పేరుకే వదిన అనాలి. తొమ్మిదేళ్ల వయసు నుంచి ఆయన్ని పెంచి పెద్దచేసింది ఆవిడే. అప్పట్లో వాళ్లు ఏటి వంతెనకి అవతల, క్లబ్బుకి ఎదుటి ఒడ్డున ఉండేవాళ్లు. ఓ మధ్యాహ్నం ఇవతలి నుంచి గుంపు వచ్చింది, రేకు డబ్బాలు వాయించుకుంటూ, పాడుకుంటూ. సందు సందంతా తగలబెట్టింది. అన్న గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు, మళ్లీ లేవలేదు. వదిన మరిదిని మేడమెట్ల కిందకి లాక్కుపోయి, బొగ్గుమూటల వెనక కూర్చోబెట్టి, అరవకుండా నోరు మూసింది. నోరైతే మూసింది గానీ చెవులు మూయడానికి ఆవిడకి ఇంకో రెండు చేతులు లేవు.

అవతల ఏమీ మిగల్లేదు కాబట్టి కూలీనాలీ చేసుకుందామని ఇవతలికే వచ్చారు. ఎక్కడివాళ్లని ఎవరైనా అడిగితే ఏదో ఓ ఊరి పేరు చెప్పేవాళ్లు. ఆ మధ్యాహ్నం సంగతి మాత్రం ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

బాబాయ్ పనిలో చేరిన ఏడాదే జట్టు కప్పు గెలిచింది. బట్టలు మార్చుకునే గదిలో కుర్రాళ్లు ఒకరి భుజాలమీద ఒకరు చేతులేసుకుని ఆనాటి గుంపు పాడిన పాటే ఎత్తుకున్నారు. 'ఇవతల అంతా మనదే, అవతల అంతా బూడిదే.' బాబాయ్ సాక్సుల బకెట్‌తో ఉన్నచోటే నిలబడిపోయాడు. వాళ్లకది ఉత్త సంబరం, అందులో సగంమందికి ఆ బూడిద ఎవరిదో కూడా తెలీదు.

"ఏం బాబాయ్, అలా నిలబడ్డావ్? నీకు సంతోషం లేదా?" అన్నాడో కుర్రాడు.

పాడటానికి నోరు రాలేదు. ఊరుకుంటే అనుమానిస్తారన్న భయం. గబుక్కున బకెట్లోని సాక్సులు నేలమీద గుమ్మరించి, బకెట్ బోర్లించి వాయించడం మొదలుపెట్టాడు. అంతే, కుర్రాళ్లు ఆయన్ని ఎత్తి భుజాలమీద కూర్చోబెట్టుకున్నారు. అప్పటినుంచి అదో ఆనవాయితీ అయింది. గెలిస్తే ముందు బకెట్, తర్వాత పాట. తను పాడటం లేదు కదా అని సర్దిచెప్పుకున్నాడు బాబాయ్. పాడలేదు, నిజమే.

పోయిన నెల ఫైనల్ గెలిచినప్పుడు ఒకడు సెల్‌ఫోన్‌లో ఆ సంబరాన్ని తీసి లోకానికి వదిలాడు. వంతెన అవతలివాళ్లు భగ్గుమన్నారు. ఆటగాళ్ల పాటకి ఇంత రాద్ధాంతమా అని ఇవతలివాళ్లు ఒంటికాలిమీద లేచారు. కప్పు వెనక్కి తీసుకుంటామని పోటీలు నడిపే పెద్ద సంఘం బెదిరించింది. అప్పుడు గానీ క్లబ్బు మేనేజర్‌కి పాత ఫైళ్లు తిరగేయాలనిపించలేదు.

"బాబాయ్, మీది వంతెన అవతలటగా! మీ అన్నగారు ఆ గొడవల్లోనే పోయారట. ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"చేరేటప్పుడు కాగితంలో రాశానండి. సంతకం పెట్టే కాగితంలో అబద్ధం రాయలేకపోయాను."

ఆ కాగితం ఇరవయ్యారేళ్లుగా ఎవరూ చదవలేదు.

"మంచిదే అయింది. రేపు విలేకర్ల ముందు ఒక్క మాట చెప్పండి, మీకా పాటతో ఏ బాధా లేదని. మీరే అన్నాక ఇంకెవడు నోరెత్తుతాడు?"

"ఇంట్లో మా వదినుందండి..." అని నీళ్లు నమిలాడు బాబాయ్.

"ఆవిడ టీవీ చూస్తారా?"

"చూడదండి."

"మరింకేం! కప్పు పోతే క్లబ్బు మూసుకోవాల్సిందే. అప్పుడు మీరెక్కడ, నేనెక్కడ?"

మర్నాడు పొద్దున్నే ఆయన్ని మైకుల ముందు కూర్చోబెట్టారు. "నాకేం బాధ లేదండీ. పాటంతే" అన్నాడు. ఓసారి వాయించి చూపించమన్నారు. ఎవరో బకెట్ కూడా తెచ్చిపెట్టారు. అన్నని చంపిన పాటకి తమ్ముడి చేత దరువు వేయించి, ఫోటోలు తీసుకుని, చప్పట్లు కొట్టారు. చదువుకున్నవాళ్లే అందరూ.

మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి పక్కింటావిడ గుమ్మంలో ఎదురై, "మీరు టీవీలో వచ్చారండీ! ఇప్పుడే మీ వదినగారికి ఫోన్‌లో చూపించాను" అని మురిసిపోతూ చెప్పింది.

వదిన కుట్టుమిషను దగ్గర ఉంది. సూది కింద గోల్‌కీపర్ జెర్సీ సగంలో ఆగిపోయి ఉంది.

"నేను పాడలేదు వదినా. ఒక్కనాడూ పాడలేదు, ఒట్టు."

"పాట గురించి నేనడగలేదు. పాట వీధుల్లో ఇన్నేళ్లుగా వింటూనే ఉన్నాను. ఆ దరువెక్కడిది?"

ఆయనకి అర్థం కాలేదు.

"మూడు కొట్టి ఆగడం, మళ్లీ రెండు. ఆవేళ డబ్బాలమీద అలాగే కొట్టుకుంటూ వచ్చారు. ఆ తర్వాత ఎక్కడా వినలేదు నేను. ఆ కుర్రాళ్లు అప్పటికి పుట్టనైనా లేదు. వాళ్లకెవరు నేర్పార్రా?"

అప్పుడు గుర్తొచ్చింది బాబాయ్‌కి. మొదటిసారి బకెట్ బోర్లించినప్పుడు ఏం వాయించాలో ఆలోచించుకోలేదు. చేతులకి వచ్చింది వాయించాడు. వాళ్లు మరిచిపోయినదాన్ని బొగ్గుమూటల వెనకనుంచి మోసుకొచ్చి, గెలిచిన ప్రతిసారీ వాళ్ల చేతుల్లో పెట్టాడు. ఆ ఆలోచన తట్టేసరికి ఆయనకి తనమీద తనకే అసహ్యం పుట్టింది.

వదిన దారం తెంపి, జెర్సీ మడిచి, మూటలో పెట్టి ముడేసింది. మూట తెచ్చి గడప దగ్గర పెట్టింది.

"ఇక నా చేత కుట్టించకు. అన్నం అక్కడుంది, పెట్టుకుని తిను" అని లోపలికి వెళ్లి తలుపేసుకుంది.

ఆదివారం జట్టు మళ్లీ గెలిచింది. పాడకూడదని ఆజ్ఞ వచ్చింది కాబట్టి కుర్రాళ్లు పెదవి విప్పలేదు. గ్యాలరీ కూడా పాడలేదు. వేలమంది కుర్చీలమీద చేతులతో కొట్టారు, అంతే. మూడు కొట్టి ఆగారు. మళ్లీ రెండు. పై మెట్లన్నీ అదిరిపోతున్నాయి. మెట్ల కింద గదిలో బాబాయ్ ఉతకాల్సిన బట్టలమూటల వెనక ముడుచుకుని కూర్చుని, రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు. అయినా వినపడుతూనే ఉంది.