ఐదు కిటికీల లెక్క

కంప్యూటర్ మాస్టారు కాలిక్యులేటర్ ముట్టడు. ఏ సంఖ్యనిచ్చినా నల్లబల్ల మీద రెండుతో భాగిస్తూ పోయి, శేషాలను కింది నుంచి పైకి చదివి ఒకట్లు, సున్నాలుగా మార్చేసి, సుద్ద అంటిన వేళ్లను చొక్కాకే తుడుచుకుంటాడు. తరగతి గదికి ఎదురుగా, మూతబడిన మిల్లు పై అంతస్తులో ఐదు కిటికీలున్నాయి. తెరిచినది ఒకటి, మూసినది సున్నా అనుకుని వాటినీ మామూలు సంఖ్యలోకి మార్చడం ఆయనకు అలవాటు. ఎడమ నుంచి కిటికీల విలువలు పదహారు, ఎనిమిది, నాలుగు, రెండు, ఒకటి. తెరిచినవాటి విలువలు కూడితే వచ్చేది రోజూ తనతో కలిపి గదిలో ఉన్నవాళ్ల లెక్కే. చెబితే మతిపోయిందంటారని భార్యకు కూడా చెప్పలేదు.

మొన్న సోమవారం రెండో కిటికీ, చివరి కిటికీ మూసి ఉన్నాయి. అంటే ఇరవైరెండు. "ఎంతమంది ఉన్నారమ్మా?" అని ముందు బెంచీ అమ్మాయిని అడిగాడు. "ఇరవైరెండు మందిమి సార్. మీతో కలిపితే ఇరవైమూడు." కిటికీల లెక్కలో తను లేడు. ఆ రోజు నుంచి హాజరు పిలవడం అయ్యాక, "మరి నేను?" అని అడగసాగాడు. పిల్లలు నవ్వుతూ, "ఉన్నారు సార్" అనేవాళ్లు. ఆ మాట చెవిన పడితేగానీ సుద్దముక్క పట్టేవాడు కాదు. ఈ ఉదయం హాజరు పిలిస్తే ఒక్కరూ పలకలేదు. "మరి నేను?" అన్నాడు. ఇరవైరెండు మందీ గుమ్మం వైపే చూస్తున్నారు. ముందు బెంచీ అమ్మాయి పక్కదానితో మెల్లగా అంది: "సార్ ఇంకా రాలేదేంటే?"