పాత చెరకు రసం

యుద్ధం రోజుల్లో బి.ఎస్సీ. చదవడమంటే అదో పెద్ద తద్దినం. గాజు సామాను దొరికేది కాదు. ఉన్న ఒక్క బ్యూరెట్టు కొస విరిగితే మా మేష్టారు దానికి రబ్బరు గొట్టం తొడిగిచ్చి, ఇదీ పగలగొట్టావంటే చదువుకు నీళ్ళొదులుకోమన్నారు. ఆయన నాకిచ్చిన పని, నరికిన చెరకు నిలవున్నకొద్దీ రసం ఎంత పులుస్తుందో తేల్చడం. అది నెగ్గితే పై చదువు సీటుకి ఆయనే సిఫార్సు రాస్తానన్నారు. నెగ్గకపోతే నన్ను బెల్లం కొట్లో గుమస్తాగా కూర్చోబెట్టడానికి నాన్న సిద్ధంగా ఉన్నాడు.

చెరకుకి దగ్గరగా ఉంటుందని, అనకాపల్లి హైస్కూలు సైన్సు గదిలో ఓ మూల అడిగి పుచ్చుకున్నాను. చెరకు మా మేనమామది. ఒకేరోజు నరికిన గడలు కుప్ప వేయించి, రోజూ అందులోంచి కొన్ని ఆడించి, ఆ రసం సీసాలో పోసి మార్కెట్టుకొచ్చే బెల్లం బండిలో పంపమన్నాను. అలాగే వచ్చేది. ఆ మడ్డి రసాన్ని నీళ్ళతో పల్చన చేసి, పులుపు కొలవడానికి రంగు తేల్చే మందో చుక్క వేసి, బ్యూరెట్టులోంచి కాస్టిక్ సోడా నీళ్ళు చుక్కచుక్కగా వదులుతూ, గులాబి రంగు తిరిగేదాకా కళ్ళు చిట్లించుకుని నిలబడేవాణ్ణి. నడుం పడిపోయేది. చేతులకీ చొక్కాకీ ఈగలు. ఇంతా చేస్తే పులుపు వీసమెత్తు పెరగలేదు!

గొప్ప సంగతి కనిపెట్టాననుకుని పరుగెత్తుకెళ్ళాను. మేష్టారు అంకెలు చూసి, ఇది చెరకా, రాయా, కుప్పని కళ్ళతో చూశావా అన్నారు. చూళ్ళేదు.

ఊరెళ్ళాను. కుప్ప కుప్పలాగే ఉంది. ఆకు ఎండి గలగలమంటోంది గాని ఒక్క గడ తీసిన జాడ లేదు. రసం పంపే పని మామ అత్తకి అప్పగించాడట. ఆవిణ్ణి అడిగాను.

"ఎండిపోయిన సెరుకు రసం అల్లుడికి పంపితే ఊరు నవ్వదేటి? ఏ పూటకాపూట కొత్త గడ నరికించి ఆడించేను," అంది అత్త.

మా వైపు అల్లుడికి పంపేదేదైనా ఏరి మంచిదే పంపుతారు. తనల్లుడు కోరి పాతది అడుగుతాడని ఆవిడ ఎలా నమ్ముతుంది? కోప్పడే ఓపిక కూడా లేక, పెట్టిన అన్నం తినేసి వచ్చేశాను.

మళ్ళీ చేద్దామంటే ఈలోగా చెరకు సీజను అయిపోయి గానుగ ఎద్దుల్ని విప్పేశారు. పొలంలో మోళ్ళు తప్ప చెరకు లేదు. ఉన్న సంగతి మేష్టారికి చెప్పాను. తప్పు లెక్క మీద సిఫార్సు రాయలేను, వచ్చే సీజనుకి చూద్దాం అన్నారు. వచ్చే సీజనుకి నేను కాలేజీలో ఉండనని ఆయనకీ తెలుసు.

ఆ వేసవిలోనే కొట్లో కూర్చున్నాను. ఓ రోజు అత్త బెల్లం బండితోపాటు వచ్చి నన్నక్కడ చూసి కంగారుపడింది.

"పై సదువుకి ఎల్లనేదేటి అల్లుడా? నాను పంపిన రసంలో ఏటన్నా తేడా వచ్చిందేటి?"

"లేదత్తా, చాలా మంచి రసం."

ఆవిడ మొహం విప్పారింది. ఆ గడలన్నీ తనే దగ్గరుండి ఏరానని చెబుతోంది. ఏడుపొచ్చి, నేను తలొంచుకుని బెల్లం తూస్తున్నాను.