ఏ జట్టని అడిగినందుకు

కళ్ళద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసే పని ఆమెది. అందరికీ అక్క. శనివారం మధ్యాహ్నాలు మాత్రం గ్రంథాలయం మేడ మీది గదిలో ఆట నడిపేది. ఆమె కథ చెబుతుంటే, బల్ల చుట్టూ కూర్చున్న ఆరేడుగురు తలా ఒక పాత్రయి మాట్లాడేవారు, పాచికలు వేసేవారు, కోటలు గెలిచేవారు, పోగొట్టుకునేవారు. పన్నెండేళ్ళు ఒక్క వారం మానలేదు.

వాళ్ళలో ఒక పోస్ట్‌మ్యాన్ ఉండేవాడు. అతనికి నత్తి. ఉత్తరం మీది పేరు పలకలేక, చేతిలో పెట్టి గబగబా వెళ్ళిపోయేవాడు. ఆటలో అతను రాజదూత. ఆ దూత మాట ఎక్కడా తడబడేది కాదు. ఒకసారి శత్రురాజుతో పావుగంట వాదించి యుద్ధమే ఆపించాడు. పక్కనే ఆడుతున్న టైలర్ లేచి చప్పట్లు కొట్టాడు.

ఆ తర్వాత ఆటకు కొత్త నియమాల పుస్తకం వచ్చింది. వాళ్ళతో ఆడే బస్సు డిపో గుమాస్తా కొత్తదే కావాలన్నాడు. టైలర్ పాతది వదలనన్నాడు. ఫోన్లో వాళ్ళ వాట్సాప్ గ్రూపు రెండుగా చీలింది; ఎవరు ఎటో జాబితాలు రాసుకున్నారు. ఒక వారం ఇది, ఒక వారం అది ఆడదామని అక్క అంటే, గోడ మీద పిల్లివన్నారు. ఆమె నవ్వి ఊరుకుంది.

తల్లికి కంటి ఆపరేషనని అక్క రాని శనివారమే అది జరిగింది. పోస్ట్‌మ్యాన్ మేడ ఎక్కితే గుమ్మంలోనే గుమాస్తా ఏ జట్టని అడిగాడు. అతనికి మాట పెగల్లేదు. చెప్పలేకపోతే అటువాడివేనని తలుపు మూశారు. పాత పుస్తకం వాళ్ళు ఆడుతున్న టైలర్ దుకాణానికి వెళితే, అక్కడ చోటు దొరక్క వచ్చావా అని నవ్వారు. అతను ఇంటికి వెళ్ళిపోయాడు.

తల్లిని చూసుకుంటూ ఆ నెల శనివారాలు ఆటకు రాని అక్కకు ఇదేమీ తెలియదు. నెల తర్వాత లాండ్రీలో ఇస్త్రీ చేసే అతని చెల్లెలు కళ్ళద్దాల దుకాణానికి వచ్చి జరిగిందంతా చెప్పింది.

"ఇంట్లో కూడా మాట్లాడటం మానేశాడక్కా. అన్నం కావాలన్నా కాగితం మీద రాస్తున్నాడు."

అక్క యంత్రం ఆపేసి, ఏప్రాన్ కూడా విప్పకుండా డిపోకు నడిచింది. కిటికీ ముందు వరసలో జనం ఉన్నారు. ఆమె ఆగలేదు.

"రెండు బల్లలైతే తప్పేంటక్కా? ఎవరికి నచ్చింది వాళ్ళు ఆడుకుంటారు," అన్నాడు గుమాస్తా.

"రెండు కాదు, పది వేసుకో. గుమ్మంలో నిలబెట్టి ఏ జట్టని అడగడానికి నువ్వెవడివి? ఆ మనిషికి నోరు పెగిలే చోటు అదొక్కటే. అదీ లాక్కున్నారు."

ఆటే కదా అని అతను గొణిగాడు.

"ఆటే అయితే మనిషిని ఎందుకు తరిమావు?"

గది ఆమె పేరు మీద ఉంది. ఆ సాయంత్రమే తాళంచెవి గ్రంథాలయానికి తిరిగి ఇచ్చేసింది. టైలర్‌నూ అతని దుకాణంలో అందరి ముందే కడిగేసింది. ఇంటికి వచ్చాక తన మీదే ఒళ్ళు మండిపోయింది. పిల్లి అన్న రోజే నోరు చేసుకోవాల్సింది, నవ్వడమెందుకు?

మరుసటి శనివారం నుంచి ఆట చెల్లెలి ఇంట్లో, ఇస్త్రీ బల్ల మీద. ఆడేది ముగ్గురే. మూడు వారాలు పోస్ట్‌మ్యాన్ దూత మాటలు రాసిచ్చాడు, అక్క చదివింది. నాలుగో వారం చెల్లెలు తెలియక దొంగలతో ఒప్పందం చేసుకోబోతే, "ఆగు, వాళ్ళతో నేను మాట్లాడతాను," అన్నాడు. చెల్లెలు పాచికలు అతని చేతిలో పెట్టింది.

గుమాస్తా రాలేదు. టైలర్ ఒకరోజు వచ్చి తల దించుకుని క్షమించమంటే, పోస్ట్‌మ్యాన్ స్టూలు జరిపాడు. అక్క కాదనలేదు. ఆటలో టైలర్ పాత్రతో మాట్లాడింది. ఆట ముగిశాక ఆ మనిషితో ఒక్క మాట కలపలేదు. చెల్లెలు అడిగితే, "క్షమించడం మీ అన్న ఇష్టం. నాకింకా మండుతోంది," అంది.