విస్తరి ముందు విన్న గోల్

పోయినేడు నేనూ, మా అన్నా మా జట్టు జెర్సీలు వేసుకుని, తిరుత్తణి నుంచి చెన్నైకి ఫుట్‌బాల్ మ్యాచ్ చూడ్డానికి కారులో వెళ్ళాం. స్టేడియం పార్కింగ్ నిండిపోయింది. ఏ సందులో ఆపినా పోలీసులు తరిమేవాళ్ళే. లోపల ఆట మొదలైన అరుపులు వినబడుతుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. చివరికి అన్న తెగించి, పక్కనున్న కల్యాణమండపంలోకి పెళ్ళివాళ్ళలాగా కారు పోనిచ్చాడు.

"బిన్నా దిగు పాపా, సగం ఆట అయిపోతాది!" అన్నాడు. ఆ తెలుగే మా కొంప ముంచింది. గుమ్మంలో పన్నీరు చల్లుతున్న పెద్దాయన గబగబా వచ్చాడు.

"మనోళ్ళా! యాడ నుంచి వచ్చినారు?"

"తిరుత్తణి," అని నోరు జారాడు అన్న.

"మా అత్తోళ్ళది మీ పక్కనుండే పళ్ళిపట్టే కదయ్యా! సాప్పాడు తినకుండా పోతారా?"

చెయ్యి పట్టుకుని పంక్తిలో కూర్చోబెట్టి, మా తాతదాకా చుట్టరికం తవ్వాడు. విస్తట్లో పాయసం పడుతుండగా స్టేడియం హోరెత్తింది. గోల్! జేబులో టికెట్లు, నోట్లో బూరె. మేం లేచేసరికి ఆట ముగిసింది.

ఆ కోపం నాకింకా తగ్గలేదు. మొన్న ఆ పెద్దాయన, ఆనాటి పెళ్ళికూతురి సీమంతానికి పిలవడానికి మా ఇంటికే వచ్చాడు. వెళ్తూ వెళ్తూ నా వైపు తిరిగి నవ్వాడు.

"ఈతూరి పక్కన ఆట లేదులే పాపా, నిమ్మళంగా తినొచ్చు."