చిటికెన వేలిని పట్టుకున్న తేలు

అరవైల నాటి మాట. నాకు పద్నాలుగేళ్లు. రాజపాళయంలో మా ఇంటి నిండా పత్తి కుప్పలే. అంతకు ముందు ఏడాది ఎద్దులబండి మీద నించి పడి మోచెయ్యి విరిగితే మదురైలో ఆపరేషన్ చేసినారు. ఎముక అతికింది గానీ చిటికెన వేలు, ఉంగరం వేలు మొద్దుబారిపోయినాయి. సూదితో పొడిచినా తెలియదు. "నరం దెబ్బతినింది, స్పర్శ మెల్లగానే వస్తుందమ్మా" అన్నాడు డాక్టరు. ఏడాదయినా రాలేదు.

ఒక పొద్దున పత్తి ఏరతా ఉంటే పక్కనున్న మా అవ్వ కేక పెట్టింది.

"చెయ్యి విదిలించవే, తేలు!"

చూస్తే నా చిటికెన వేలిని నల్లతేలు పట్టుకొని ఉంది. అప్పటికే కుట్టింది. అవ్వ దాన్ని చీపురుతో కొట్టి, నా చేతికి గుడ్డ బిగించి కట్టింది.

"మండతా ఉందా?"

"లేదవ్వా."

అవ్వ మొహం పాలిపోయింది. విషం కన్నా ఆ మాటకే ఎక్కువ భయపడింది. నేను వేలినే చూస్తా కూర్చున్నాను.

ఉన్నట్టుండి వేలి కొసన చురుక్కుమనింది. కాసేపటికి నిప్పులో పెట్టినట్టయింది. "ఐయో, మండతా ఉందవ్వా!" అని వీధంతా వినపడేలా ఏడ్చినాను. అవ్వ నన్ను కావలించుకొని, "ఏడువు, బాగా ఏడువు" అంటా తానూ ఏడ్చింది.

మెల్లమెల్లగా ఆ వేలికి స్పర్శ వచ్చింది. ఉంగరం వేలు సగం ఈనాటికీ మొద్దే. ఎవరైనా తేలు మాటెత్తితే అందరూ కాళ్లు పైకి తీసుకుంటారు. నేను మాత్రం చిటికెన వేలు గిల్లి చూసుకుంటాను.