కొత్తబట్ట కొనని ఏడు

రాయచూరులో స్వెట్టర్ అల్లే మనిషిని చూసి నవ్వనివాళ్ళు ఉండరు. ఏడాదిలో ముప్పాతిక వంతు ఎండలే. అరచేతుల్లో చెమట పట్టి ఉన్ని పుల్లలకు అంటుకుపోతుంది. అయినా నేను అల్లేదాన్ని. కరెంటు ప్లాంటు క్వార్టర్స్‌లో కాపురం పెట్టిన కొత్తల్లో, మా వరసలోనే ఉండే ఒక ఉత్తరాది ఆవిడ నేర్పింది. ఆవిడకు తెలుగు రాదు, కన్నడం రాదు. నా దక్కనీ ఉర్దూ విని పడీపడీ నవ్వేది. అలా నవ్వించుకుంటూనే నేర్చుకున్నాను. సొంతంగా పూర్తి చేసిన మొదటి స్వెట్టర్ మా అమ్మకే. వంకాయ రంగు. ఒక చెయ్యి కాస్త పొడుగొచ్చింది. అమ్మ ఆ చేతిని మడిచి తొడుక్కునేది. ఎవరైనా అడిగితే ఇప్పుడిదే ఫ్యాషన్ అనేది.

అమ్మ ముదగల్‌లో, మా అన్న ఇంట్లో, ఒక వానాకాలం పోయింది. నాన్న ఉండగానే, ముత్తైదువగా పోయింది, అదృష్టవంతురాలు అని వచ్చినవాళ్ళంతా అన్నారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండింది.

సూతకం లెక్క మా వాళ్ళందరికీ తెలిసిందే. కొడుకు కాబట్టి అన్నకు ఏడాది. ఆ ఇంట్లో ఏడాది తిరిగేదాకా పండుగ ఉండదు, కొత్తబట్ట ఉండదు. పెళ్ళై ఇంకో ఇంటికి పోయినదాన్ని కాబట్టి నాకు మూడు రోజులు. కర్మ అయ్యేదాకా అక్కడే ఉన్నాను గాని, నాలుగో రోజు తలస్నానం చేయించి నన్ను పక్కన పెట్టారు. అమ్మకు నేనేమీ కానట్లు అనిపించింది.

ఊరికి బయల్దేరేముందు, నాకొక చీర ఇద్దామని వదిన అమ్మ బీరువా తెరిచింది. లోపల చీరలు దొంతరలు దొంతరలుగా ఉన్నాయి. సగానికి సగం మడత విప్పనివే. కొన్నిటికి కొట్టువాడి కాగితం కూడా తీయలేదు. ఇంట్లో అమ్మ రెండే చీరలు మార్చి మార్చి కట్టేది, వెలిసిపోయి ఏ రంగువో చెప్పలేనివి. మంచివన్నీ "ఉండనీ, అవసరానికి పనికొస్తాయి" అని దాచింది. పట్టుచీర ఒకటి తీసి విప్పబోతే మడత మీదే పర్రుమని చిరిగింది. ఏడవాల్సిన చోట నాకు కోపం వచ్చింది. నాకు ఎప్పుడూ అంతే. చీర వద్దన్నాను. అమ్మ వాడిన బట్టలన్నీ అప్పటికే ఇచ్చేశారు. తలుపు వెనక కొక్కేనికి నేనల్లిన వంకాయ రంగు స్వెట్టర్ ఒక్కటే ఎవరి కంటా పడకుండా మిగిలింది. అది సంచిలో పెట్టుకుని బస్సెక్కాను.

ఇంటికొచ్చి నా బీరువా తెరిస్తే నా చీరలూ అలాగే ఉన్నాయి. అమ్మ కూతురినే కదా. ఆ సాయంత్రమే మా ఆయనకు చెప్పాను: ఏడాదిపాటు ఈ ఇంట్లోకి కొన్న బట్ట రాకూడదు. చిరిగితే కుట్టుకోవాలి. ఏదైనా కావాలంటే ఉన్నదాంతోనే అల్లుకోవాలి. ఉన్ని కూడా కొనేది లేదు.

"లుంగి చినిగితే?" అన్నాడు.

"కుడతా."

"మళ్ళ చినిగితే?"

"మళ్ళ కుడతా."

"సరే, మన ఇంట్ల బట్టల రేషన్ అన్నట్టు," అని నవ్వాడు. ఆ పేరే స్థిరపడింది. మాకింకా పిల్లలు లేరు కాబట్టి రేషన్ మా ఇద్దరికే. క్వార్టర్స్ ఆడవాళ్ళు దసరా దాకా కూడా ఆగలేనని పందెం కాశారు. గద్వాల నుంచి చీరల మూటతో వచ్చే ఆయన మా మెట్ల మీద మూట విప్పి, నన్ను ఊరించి ఊరించి, చివరికి "ఏమైందమ్మా మీకు" అని బాధపడి పోయాడు. నాకు గర్వంగా ఉండేది. ఇది పొదుపు అనుకున్నాను, పంతం అనుకున్నాను. ఇంకొకటి అయ్యుండొచ్చని తోచనే లేదు.

దసరాకు రాయచూరు పాత ఊళ్ళో మా అత్తగారింటికి పోయాం. నా పాత చీర చూసి అత్తమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏంది పిల్లా, పండుగ దినం గిట్ల వస్తివి? చూసినోళ్ళు ఇంట్ల ఎవరన్న పోయిన్రా అని అడగరా?"

"మా అమ్మ పోయింది గదత్తమ్మా." నోరు జారింది.

"మీ అమ్మ మీ అన్న ఇంట్ల పోయింది," అంది అత్తమ్మ. "నీ సూతకం మూడు దినాలకే పాయె. నా ఇంటికేం సంబంధం?"

నేను తడబడి రేషన్ సంగతంతా చెప్పాను. ఆమె పెదవి విరిచింది. "కంట్రోలు గుడ్డ కాలం నేను చూసిన. అప్పుడు దొరకక కట్టుకోలే. నీకేమొచ్చె రోగం?" ఆ పూట పూర్ణం పెట్టిన ఓలిగలు తిన్నాను గాని ఏ రుచీ తెలియలేదు.

చలికాలం వచ్చింది. మా దగ్గర చలి ఉండేది కొద్ది రోజులే. అయినా కృష్ణ ఒడ్డున తెల్లారకముందే స్కూటర్ మీద డ్యూటీకి పోయేవాడికి అదే ఎక్కువ. మా ఆయన పాత స్వెట్టర్ కుట్టడానికి కూడా పనికిరాకుండా పోయింది. కొనకూడదు కదా. అమ్మ స్వెట్టర్ తీశాను.

అల్లినదాన్ని విప్పడం చాలా సులువు. చివరి ముడి ఒకటి దొరికితే చాలు, లాగుతుంటే వరసకు వరస ఊడి వస్తుంది. కానీ వచ్చిన దారం తిన్నగా ఉండదు. ఇన్నేళ్ళూ ఏ మెలికలో ఉందో ఆ మెలికతోనే వస్తుంది. దాన్ని పొడుగాటి కట్టలా, చిలపగా చుట్టి, తడిపి, కింద బరువు కట్టి వేలాడదీస్తే గాని సాగదు. బకెట్లో గోరువెచ్చని నీళ్ళు పోసి ముంచాను. నీలగిరి తైలం వాసన, దాని వెనకే అమ్మ ఒంటి వాసన, గుప్పున లేచాయి. ఒక్క క్షణమే. మళ్ళీ ముంచితే లేదు. నీళ్ళు వంకాయ రంగుకు తిరిగాయి. వాటిని పారబోయడానికి చేతులు రాలేదు. కర్మ నాడు కూడా రాని ఏడుపు బాత్రూంలో నేల మీద కూర్చున్నాక వచ్చింది. చాలాసేపు ఏడ్చాను.

చిలపకు ఇత్తడి చెంబు కట్టి దండెం మీద వేశాను. ఆరేలోపల ప్లాంటు బూడిద పడనే పడింది. దులిపి ఉండలు చుట్టాను. ఆయన కొలతకు ఉన్ని చాలక చేతుల్లేని స్వెట్టరే అయింది. ఆయన తొడుక్కుని, "మెత్తగుంది," అన్నాడు. అది ఎవరిదో ఆయనకు తెలుసు.

చలి తగ్గే రోజుల్లో ఆయనకు జ్వరం పట్టుకుంది. ఒణుకు, వాంతులు. రెండు రోజుల్లో కళ్ళు పచ్చబడ్డాయి. కామెర్లు, ఎక్కడో తాగిన నీళ్ళ వల్ల, భయం లేదు గాని జాగ్రత్త అన్నాడు డాక్టర్. కబురు అందగానే అత్తమ్మ బస్సులో వచ్చింది, కొంగులో నేల ఉసిరి మొక్కలు కట్టుకుని. వచ్చీ రాగానే మంచం మీద కూర్చుని కొడుకు దుప్పటి తొలగించి ఛాతీ మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి అక్కడే ఆగింది. వియ్యపురాలి ఒంటి మీద ఆ రంగు ఆమె ఎన్నోసార్లు చూసింది.

"ఇది మీ అమ్మది," అంది. అడగలేదు.

"ఉన్ని ఒక్కటే అత్తమ్మా. విప్పి, కడిగి, మళ్ళ అల్లిన."

"పోయిన మనిషి బట్ట నా కొడుకు ఒంటి మీద ఏస్తివా? దసరాకు కొత్తబట్ట లేకపాయె, దీపావళికి లేకపాయె. ఇప్పుడు ఇది. నీ జిద్దు ఎవరి మీదికొచ్చెనో చూడు."

"అమ్మా, ఊకో," అన్నాడు ఆయన, లేవలేక. ఆమె వినలేదు. చంటిపిల్లాడికి తీసినట్లు రెండు చేతులూ పైకెత్తించి స్వెట్టర్ లాగేసింది.

మామూలుగా అయితే నేను ఊరుకునే మనిషిని కాదు. బీఎస్సీ చదివాను. కామెర్లు ఉన్ని వల్ల రావని నాకు తెలుసు. కానీ ఆయన కళ్ళ పచ్చదనం చూశాక ఆ స్వెట్టర్ మళ్ళీ ఆయనకు తొడగడానికి నాకు ధైర్యం చాలలేదు. భయం వేసింది. ఆమె చెప్పినదే నిజమై, ఈ మనిషికి ఏమైనా అయితే? నన్ను చూస్తే నాకే సిగ్గేసింది, అయినా భయం పోలేదు.

ఆ సాయంత్రం వంటింట్లో ఆమె నేల ఉసిరి నూరుతోంది. నేను పాలగిన్నె పట్టుకుని స్టవ్ దగ్గర నిలబడ్డాను. నా వైపు చూడకుండానే అంది:

"నువ్వు మీ అమ్మకు ఏడాది సూతకం పడుతున్నవ్. రేషన్ లేదు, గీషన్ లేదు. నాకు దసరా నాడే ఎర్కయింది."

గిన్నె స్టవ్ మీద పెట్టడం మరిచిపోయాను. అన్ని నెలలూ నాకు నేను కూడా చెప్పుకోని మాట అది. నిజమే. మూడు రోజులతో తీరిపొమ్మంటే తీరక, ఏడాదిని నేను దొంగచాటుగా తెచ్చి ఆయన ఇంట్లో పెట్టుకున్నాను. దానికి పొదుపని పేరు పెట్టాను.

"మా అమ్మ పోయినప్పుడు నాక్కూడ మూడు దినాలే," అంది ఆమె, నూరుతూనే. "ఆ వారంలనే మా మరిది పెండ్లి. కొత్త చీర కట్టిచ్చిన్రు. ఓలిగలు నన్నే చేయమన్రు. పూర్ణం రుబ్బుకుంట ఏడ్చిన. పొయ్యి పొగ అనుకున్నరు అందరు."

"అంత తెలిసి నన్నెందుకు అంటవు అత్తమ్మా?"

"నా కొడుకు బతకాలె పిల్లా." అప్పుడు తలెత్తి చూసింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "నేను పోయినంక పట్టు. నాకైతే ఏడాది పట్టాలె నువ్వు, కోడలివి. అప్పుడు నిన్ను ఎవ్వరు అడగరు. నీ కడుపుల ఎవరికి పట్టుకుంటవో పట్టుకో."

ఆయన కోలుకున్నాడు. నేల ఉసిరి వల్లనో డాక్టర్ వల్లనో మేము వాదించుకోలేదు. ఉగాది నాటికి ఉప్పులేని పథ్యం నుంచి బయటపడ్డాడు. ఆ ఉదయం అత్తమ్మ ఆయనకు పంచెల చాపు, నాకు ఆకుపచ్చ చీర తెచ్చి, కొంగు చివర పసుపు రాసి, నా ఎదురుగా పట్టుకుని నిలబడింది. అమ్మ పోయి అప్పటికి ఏడాది కాలేదు. ముదగల్‌లో అన్న ఇంట్లో ఆ రోజు పండుగ లేదు. నేను చీర కట్టుకున్నాను. క్వార్టర్స్ ఆడవాళ్ళు చూసి, "ఓడిపోయినవ్!" అని చప్పట్లు కొట్టారు. అవును, ఓడిపోయాను అన్నాను. లోపలికి పోయి ఉగాది పచ్చడి కలిపాను.

స్వెట్టర్ ఏమైందని ఆ రోజే అడిగాను. పారేసిందనే అనుకున్నాను.

"పారేస్తనా? ముత్తైదువ బట్ట అది. పసుపు కుంకుమ పెట్టి కృష్ణల ఇడిసిన," అంది.

నేను అల్లింది, అమ్మ తొడుక్కున్నది, నేనే విప్పి మళ్ళీ అల్లింది, నన్నొక మాట అడక్కుండా నీళ్ళలో పోయింది. కడుపు మండింది. మా అమ్మకు పసుపు కుంకుమ పెట్టి పంపిందని కళ్ళలో నీళ్ళూ తిరిగాయి. అప్పటి నుంచి ఆమె మీద నాకు ఆ రెండూ పోలేదు. కొట్లాడుకుంటూనే ఒకరికొకరం అలవాటయ్యాం.

చాలా ఏళ్ళకు ఆమె మా దగ్గరే, అదే క్వార్టర్‌లో పోయింది. ఆయన కర్మ చేశాడు. ఏడాది సూతకం ఇంటికి వచ్చింది, నాకూ వచ్చింది. దసరాకు పాత చీర కట్టుకున్నాను. ఎవ్వరూ అడగలేదు. ఉగాదికి పాతదే. పక్కింటావిడే ఇంకొకరికి చెప్పింది, అత్త పోయింది కదా పాపం, ఎంత నిష్ఠగా ఉందో అని. గద్వాల ఆయన, జుట్టంతా నెరిసిపోయింది, మెట్ల మీద మూట దించబోయి గోడ మీద దండ వేసిన ఫోటో చూశాడు. "ఈ ఏడు మీకు లేదు గదమ్మా," అని మూట భుజానికెత్తుకుని పోయాడు. ఒకప్పుడు అందరితో వాదించి వాదించి కూడా దక్కించుకోలేనిది ఊరికే నా చేతికొచ్చింది. పుల్లలు, ఉన్ని జోలికి పోలేదు. పండుగల పూట ఆ ఫోటో ముందు దీపం పెట్టేటప్పుడు ఎవరికి పడుతున్నానో నాకు తెలుసు. ఫోటోలో ఉన్న ఆమెకూ తెలుసు.

ఏడాది మాసికం అయ్యాక, సూతకం తీరినందుకు పుట్టింటివాళ్ళు చీర పెట్టాలి. అన్న ముదగల్ నుంచి తెచ్చాడు. నేను దాని కొంగుకు పసుపు రాశాను.

"నిండింది గదా. ఇంక కట్టుకో," అన్నాడు.

"నిండిందన్నా. అమ్మకు గూడ నిండింది."

అన్న నా ముఖం వైపు వింతగా చూశాడు. "అమ్మకు ఎప్పుడో నిండె గదా. నేనే చేస్తి గదా మాసికం."

"నీకు నిండిందన్నా," అన్నాను. "నాకు ఇయ్యాల నిండింది."